అప్పు నోటీసు వచ్చినప్పుడు, విత్తనం మోసం చేసినప్పుడు: నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఏ న్యాయసహాయం ఎవరికి తగును?

ఉమ్మడి నల్లగొండ, ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాల్లో అప్పు చిక్కులో పడిన మనిషికి సలహాలకు కొదవ ఉండదు. బ్యాంకు నోటీసు చేతికి రాగానే ఒకరు లోక్ అదాలత్‌కు పొమ్మంటారు, ఇంకొకరు ఐపీ (దివాలా పిటిషన్) పెట్టమంటారు, మరొకరు తమకు తెలిసిన వకీలు ఉన్నాడని చెబుతారు. మొలవని విత్తనం గురించి అడిగితే వినియోగదారుల ఫోరం అని ఒకరు, వ్యవసాయ అధికారి అని ఒకరు, పెద్దమనుషుల పంచాయితీ చాలునని ఒకరు అంటారు. ఈ దారులన్నీ నిజమైనవే. అయితే ఒక్కొక్కటి ఒక్కో రకమైన కష్టం కోసం ఏర్పడింది. ఒక దారిలో అడుగు పెడితే మరొకటి మూసుకుపోయే సందర్భాలు కూడా ఉన్నాయి. అందుకే ఏ కార్యాలయం మెట్లు ఎక్కాలో నిర్ణయించుకునే ముందు కొన్ని సంగతులు ఇంట్లో కూర్చునే తేల్చుకోవాలి.

ఎంపికకు ముందు తేల్చుకోవలసినవి

అన్నిటికంటే ముందు, ఎవరు ఎవరికి బాకీ ఉన్నారన్నది స్పష్టం కావాలి. అప్పు నిజమే, తీర్చే శక్తి మాత్రం లేదు అన్నది ఒక స్థితి. అప్పు నిజమే కాని మిత్తి లెక్క గాని, వసూలు చేసే తీరు గాని తప్పు అన్నది రెండో స్థితి. అసలు ఎదుటివారే మనకు బాకీ అన్నది మూడోది. నాసిరకం విత్తనం, చెడిపోయిన మోటారు, బీమా కంపెనీ ఎగ్గొట్టిన క్లెయిము ఈ కోవలోకి వస్తాయి. మొదటి స్థితిలో ఉన్నవారికి కావలసింది రాజీ, లేదా చట్టం ఇచ్చే ఉపశమనం. రెండో స్థితిలో ఉన్నవారికి లెక్కను, ప్రవర్తనను ప్రశ్నించే వేదిక కావాలి. మూడో స్థితిలో ఉన్నవారికి పరిహారం ఇప్పించే అధికారం గల వేదిక కావాలి. ఈ తేడా గమనించకుండా, తీర్చలేని అప్పును వినియోగదారుల కమిషన్‌కు తీసుకుపోయి ఏళ్లు పోగొట్టుకోవడం, గెలవగలిగిన విత్తన కేసును పంచాయితీలో నాలుగో వంతు డబ్బుకు ఒప్పుకొని రావడం మన ప్రాంతంలో కొత్త కాదు.

రెండో కొలమానం తేదీ. చెక్కు బౌన్సు అయిందని అప్పు ఇచ్చిన వ్యక్తి పంపే నోటీసు అందిన రోజు నుంచి చెల్లించడానికి 15 రోజులే ఉంటాయి. ఆ తర్వాత అది క్రిమినల్ ఫిర్యాదుగా మారుతుంది. కోర్టుకు పోకుండానే కుదువ ఆస్తిని స్వాధీనం చేసుకునే వీలు బ్యాంకుకు ఇచ్చేది సర్ఫేసీ చట్టం; ఇల్లు కుదువ ఉన్న బ్యాంకు దాని కింద ఇచ్చే నోటీసుకు 60 రోజుల గడువు ఉంటుంది. దాని తర్వాత బ్యాంకు స్వాధీనానికి దిగితే హైదరాబాద్‌లోని రుణ వసూలు ట్రిబ్యునల్‌ను 45 రోజుల లోపల ఆశ్రయించాలి. అయితే వ్యవసాయ భూమికి ఆ చట్టం వర్తించదు. ఈ మాట తెలియక పొలం పోతుందని భయపడి, ఆ భయంలోనే తక్కువ ధరకు అమ్ముకునేవారు ఉన్నారు. సివిల్ కోర్టు సమన్లు అందితే 30 రోజుల లోపల లిఖితపూర్వక జవాబు వేయాలి. వినియోగదారుల ఫిర్యాదుకు రెండేళ్లు, ప్రామిసరీ నోటు మీద దావాకు మూడేళ్లు గడువు. పాత నోటు విషయంలో ఒక జాగ్రత్త అవసరం. గడువు లోపల కొంత సొమ్ము చెల్లించినట్లు నోటు వెనుక రాసి సంతకం చేస్తే మూడేళ్లు మళ్లీ మొదటి నుంచి లెక్కకు వస్తాయి. గడువు దాటిన తర్వాత కూడా రాతపూర్వకంగా ఇచ్చే హామీ కొత్త ఒప్పందంగా నిలబడుతుంది. కాబట్టి న్యాయసలహా తీసుకోకముందు ఎవరు అడిగినా దేని మీదా సంతకం పెట్టకపోవడం మేలు.

మూడోది, ఎదుటి పక్షం ఎవరన్నది. బ్యాంకు, రిజర్వు బ్యాంకు వద్ద నమోదైన ఫైనాన్స్ కంపెనీ, ఊరి షావుకారు, సహకార సొసైటీ, చిట్టీ కంపెనీ, విత్తన డీలరు, వీరిలో ఒక్కొక్కరికి పైన ఉన్న అధికారి వేరు. నాలుగోది చేతిలోని కాగితం. ఐదోది ఖర్చు, దూరం. అచ్చంపేట నుంచో, అలంపూర్ నుంచో వాయిదా వాయిదాకూ కూలి పోగొట్టుకొని రావడం కూడా ఖర్చే. చివరిది, ఈ దారి ఎంచుకుంటే తర్వాత మరో దారి మిగులుతుందా అన్నది. నా దృష్టిలో చాలామంది అసలు అడగని ప్రశ్న ఇదే.

| దారి | ఎలాంటి కష్టానికి | ఖర్చు | ముఖ్యమైన గడువు | మిగతా దారుల సంగతి |
|---|---|---|---|---|
| జిల్లా న్యాయ సేవాధికార సంస్థ | ఏ కేసుకైనా సలహా, ఉచిత వకీలు | అర్హులకు లేదు | కేసును బట్టి | ఏ దారినీ మూయదు |
| లోక్ అదాలత్ | రాజీకి వీలున్న అప్పులు, చెక్కు కేసులు | లేదు | రాజీ కుదిరే వరకు | సంతకం చేశాక అప్పీలు లేదు |
| వినియోగదారుల కమిషన్ | వస్తువులో లోపం, సేవలో లోపం | 5 లక్షల వరకు రుసుము లేదు | 2 ఏళ్లు | కేసు నడుస్తుండగా అంబుడ్స్‌మన్ (బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అధికారి) స్వీకరించరు |
| రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ | బ్యాంకు, ఫైనాన్స్ కంపెనీ తప్పులు, వేధింపులు | లేదు | ముందు సంస్థకు రాసి 30 రోజులు ఆగాలి | తర్వాత కోర్టుకు వెళ్లవచ్చు |
| సొంత వకీలు | సివిల్ దావా, చెక్కు కేసు, ట్రిబ్యునల్ | ఒప్పుకున్న ఫీజు | కేసును బట్టి | కోర్టులో కేసు నడుస్తుండగా అంబుడ్స్‌మన్ స్వీకరించరు |
| ఐపీ | తీర్చడానికి ఏ మార్గమూ లేని అప్పులు | కోర్టు ఖర్చు, వకీలు ఫీజు | అంతకుముందు రెండేళ్ల ఆస్తి బదిలీలకు చిక్కు | ఆస్తి కోర్టు చేతిలోకి వెళుతుంది |

జిల్లా న్యాయ సేవాధికార సంస్థ

ఎటు వెళ్లాలో తెలియని స్థితిలో మొదటి అడుగు ఇక్కడే వేయమని నా సలహా. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం కింద జిల్లా కోర్టు ఆవరణలో నడిచే ఈ సంస్థకు జిల్లా ప్రధాన న్యాయమూర్తి అధ్యక్షులుగా ఉంటారు. 2022 జూన్ 2న రాష్ట్రంలో 33 న్యాయ జిల్లాలు ఏర్పడిన తర్వాత సూర్యాపేట, వనపర్తి, నాగర్‌కర్నూల్, నారాయణపేట, గద్వాల వాసులు పాత జిల్లా కేంద్రం దాకా పోవలసిన అవసరం తగ్గింది. మిర్యాలగూడ, దేవరకొండ వంటి చోట్ల కోర్టుల వద్ద మండల స్థాయి కమిటీలు ఉంటాయి. 15100 నంబరుకు ఫోను చేసి కూడా సలహా అడగవచ్చు.

ఎవరికి ఉచితమన్న విషయంలో అపోహలు ఎక్కువ. తెల్ల రేషన్ కార్డు ఉన్నవారికే అనుకుని వెనుదిరిగేవారు ఉన్నారు. ఆ చట్టంలోని 12వ సెక్షన్ ప్రకారం మహిళలు, పిల్లలు, షెడ్యూల్డ్ కులాలు, తెగల వారు, వికలాంగులు, పారిశ్రామిక కార్మికులు, వెట్టిచాకిరీ బాధితులు ఆదాయంతో సంబంధం లేకుండా అర్హులు. మిగతా వారికే ఆదాయ పరిమితి వర్తిస్తుంది. దేవరకొండ తండాలోని లంబాడా రైతు, నారాయణపేటలో మగ్గం నేసే మహిళ, భర్త చేసిన అప్పుకు నోటీసు అందుకున్న గృహిణి, వీరందరికీ వకీలు ఫీజు మాత్రమే కాదు, కోర్టు ఫీజు, దస్తావేజుల ఖర్చు కూడా సంస్థే భరిస్తుంది. సంస్థ నియమించిన వకీలు కక్షిదారు నుంచి డబ్బు తీసుకోకూడదు. ఎవరైనా అడిగితే కార్యదర్శికి రాసి ఇవ్వవచ్చు, వకీలును మార్చమని కోరవచ్చు.

ఉచిత వకీలు అంటే శ్రద్ధ పెట్టడన్న అనుమానం ఊళ్లలో బలంగా ఉంది. అది పూర్తిగా అబద్ధమని నేను చెప్పను. వకీలును బట్టి తేడా ఉంటుంది, ప్యానెల్‌లో ఉన్నవారికి పని ఒత్తిడీ ఉంటుంది. అయితే డబ్బిచ్చి పెట్టుకున్న వకీలు విషయంలోనూ ఇదే మాట వర్తిస్తుంది. పైగా ఇక్కడ ఫిర్యాదు చేయడానికి ఒక న్యాయాధికారి ఉన్నారు. పెద్ద ఆస్తి చిక్కుబడిన కేసు కాకపోతే, అర్హత ఉండీ ఈ దారిని వదులుకొని మరో అప్పు చేసి వకీలును పెట్టుకోవడంలో నాకు అర్థం కనిపించదు.

లోక్ అదాలత్

బ్యాంకులు మొండి బాకీల జాబితా తయారు చేసుకొని జాతీయ లోక్ అదాలత్‌కు ముందు రుణగ్రస్తులకు నోటీసులు పంపడం మామూలే. ఆ నోటీసు చూసి అరెస్టు వారంటు వచ్చినట్లు భయపడనవసరం లేదు. అది రాజీకి పిలుపు. ఇష్టం లేకపోతే ఒప్పుకోకుండా తిరిగి రావచ్చు. ఒప్పుకోనందుకు శిక్ష ఏదీ లేదు.

దీని బలమూ బలహీనతా ఒక్క చోటే ఉన్నాయి. లోక్ అదాలత్ ఇచ్చే అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. అంటే మిత్తిలో తగ్గింపు తీసుకుని బాకీ ముగించుకుంటే బ్యాంకు మళ్లీ ఆ పాత లెక్క తీయలేదు. అలాగే ఆరు కిస్తీలలో కడతానని ఒప్పుకొని మూడో కిస్తీకి ఆగిపోతే, బ్యాంకు మళ్లీ దావా వేయనవసరం లేకుండా నేరుగా ఈపీ (డిక్రీ అమలు పిటిషన్) వేసి ఆస్తి మీదికి రావచ్చు. పంట చేతికి వచ్చే నెలను చూసుకోకుండా, అక్కడి హడావుడిలో ‘సరే’ అనేస్తే జరిగేది ఇదే. కాబట్టి వెళ్లే ముందు ఇంట్లో కూర్చుని ఏ నెలలో ఎంత కట్టగలమో రాసుకోవాలి. పత్తి అమ్మిన సొమ్ము ఎప్పుడు వస్తుంది, యాసంగి వడ్ల సొమ్ము ఎప్పుడు వస్తుంది అన్నదాన్ని బట్టి కిస్తీల తేదీలు అడగాలి. నెలసరి కిస్తీ జీతగాళ్ల కోసం పుట్టింది, రైతుకు అది అతకదు.

మరో సంగతి కూడా తెలిసి ఉండాలి. వన్ టైమ్ సెటిల్‌మెంట్ ద్వారా తక్కువ సొమ్ముకు ముగించుకున్న అప్పు క్రెడిట్ రికార్డులో పూర్తిగా తీరిన అప్పులా కనిపించదు. రెండు మూడేళ్లలో బిడ్డ చదువు కోసమో, ట్రాక్టరు కోసమో మళ్లీ బ్యాంకు అప్పు తీసుకోవాలనుకునేవారు ఆ తగ్గింపు ఎంత, దాని వల్ల పోయేది ఎంత అని తూచుకోవాలి. ఇక బ్యాంకు గడప తొక్కే ఆలోచన లేని వృద్ధ రైతుకు ఈ లెక్క పెద్దగా పట్టించుకోనవసరం లేదు.

బీమా, కరెంటు, టెలిఫోను వంటి ప్రజోపయోగ సేవల వివాదాలకు శాశ్వత లోక్ అదాలత్ అనే వేరే వేదిక ఉంది. అక్కడ రాజీ కుదరకపోయినా తీర్పు చెప్పే అధికారం ఉంటుంది. మీ ప్రాంతం ఏ వేదిక పరిధిలోకి వస్తుందో న్యాయ సేవాధికార సంస్థలో చెబుతారు.

వినియోగదారుల కమిషన్

2020 జూలై 20న అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం, 2019 పాత ఫోరాన్ని జిల్లా కమిషన్‌గా మార్చింది. కొన్న వస్తువుకు లేదా సేవకు చెల్లించిన సొమ్ము 50 లక్షల రూపాయల లోపు ఉంటే ఇక్కడ ఫిర్యాదు చేయవచ్చు. 5 లక్షల వరకు రుసుమే లేదు, 5 నుంచి 10 లక్షల వరకు 200 రూపాయలు మాత్రమే. ఫిర్యాదుదారు నివసించే చోటనే కేసు వేయవచ్చు. హైదరాబాద్‌లో కొన్న వస్తువు గురించి నల్లగొండలో ఫిర్యాదు చేయడానికి ఇది వీలు కల్పిస్తుంది. కొత్త జిల్లాల వారు తమ ఫిర్యాదు పాత జిల్లా కేంద్రంలోని కమిషన్‌కే వెళుతుందా అన్నది ముందుగా కనుక్కోవాలి. వకీలు లేకుండా సొంతంగా వాదించుకోవచ్చు, ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయవచ్చు. కేసు దాకా పోకుండా ముందు 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేస్తే, పేరున్న కంపెనీల విషయంలో కొన్ని తగవులు అక్కడే తెగిపోతాయి. ఊరి డీలరు విషయంలో ఆ ఫోనుకు అంత బలం ఉండదు.

మన ప్రాంతంలో ఈ వేదిక విలువ విత్తనం కేసుల్లోనే ఎక్కువగా తెలుస్తుంది. నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు 2012లో ఇచ్చిన తీర్పుకు మూలం మహబూబ్‌నగర్, కర్నూలు, గుంటూరు, ఖమ్మం ఫోరాల్లో రైతులు వేసిన ఫిర్యాదులే. రైతు వినియోగదారుడు కాడని, విత్తన చట్టం ఉండగా ఫోరానికి రాకూడదని, ఒప్పందంలో మధ్యవర్తిత్వ షరతు ఉందని కార్పొరేషన్ వాదించింది. కోర్టు వాటిని ఒప్పుకోలేదు. విత్తనోత్పత్తి ఒప్పందం మీద పంట వేసే రైతు కూడా తన శ్రమతో జీవనోపాధి కోసమే చేస్తున్నాడు కాబట్టి వినియోగదారుడేనని చెప్పింది. గద్వాల ప్రాంతంలో ఆర్గనైజర్ల ద్వారా కంపెనీలకు పత్తి విత్తనం పండించే రైతులకు ఈ మాట ఎంతో ముఖ్యం. విత్తనం అంతా నాటేసిన రైతు పరీక్ష కోసం నమూనా దాచి ఉంచాలనడం న్యాయం కాదని కూడా ఆ తీర్పు గుర్తించింది.

అయినా ఈ కేసులు ఓడిపోయేది చాలావరకు సాక్ష్యం లేకనే. బిల్లు, లాట్ నంబరు ఉన్న ట్యాగుతో సహా ఖాళీ సంచి, పంట నిలబడి ఉండగానే మండల వ్యవసాయ అధికారికి ఇచ్చిన దరఖాస్తు, అధికారులు పొలం చూసి రాసిన నివేదిక, పక్క పొలంలో వేరే విత్తనంతో అదే వానకు పండిన పంట ఫొటో ఉండాలి. కంపెనీ వానను, నేలను, పురుగును తప్పు పడుతుంది. ఆ వాదనకు జవాబు ఇచ్చేది అధికారి నివేదికే. పంట దున్నేసిన తర్వాత దరఖాస్తు పెడితే ఏ అధికారీ ఏమీ రాయలేడు. బిల్లు లేకుండా, సంచి లేకుండా విడిగా కొన్న విత్తనానికి ఈ దారి దాదాపుగా మూసుకున్నట్లే. అందుకే కొనే రోజు బిల్లు అడగడం అన్నది ఏ వకీలు చేసే పనికన్నా పెద్ద పని. ఫిర్యాదులో డీలరుతో పాటు కంపెనీని కూడా చేర్చాలి. డీలరు ఒక్కడి మీదే వేస్తే ‘నేను అమ్మినవాణ్ణే, తయారు చేసినవాణ్ణి కాదు’ అంటాడు.

నల్లగొండ బత్తాయి రైతుది మరీ చిక్కు సమస్య. మొక్క నాటిన నాలుగైదేళ్లకు గాని కాపు నిజస్వరూపం తెలియదు, చట్టం ఇచ్చే గడువేమో రెండేళ్లు. లోపం బయటపడిన రోజు నుంచే గడువు లెక్కించాలని వాదించవచ్చు, ఆలస్యాన్ని మన్నించమని కారణం చూపి దరఖాస్తు పెట్టవచ్చు. ఇలాంటి కేసు సొంతంగా వాదించుకోదగినది కాదు, దీనికి తప్పకుండా వకీలు కావాలి.

ఈ వేదికకున్న లోటు కాలయాపన. ప్రతివాదికి నోటీసు అందిన మూడు నెలల్లో, పరీక్ష అవసరమైతే ఐదు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉన్నా, ఆ మాటను నమ్ముకొని వచ్చే సీజన్ పెట్టుబడికి పరిహారం మీద ఆధారపడకూడదు. గెలిచిన తర్వాత ఎదుటివారు రాష్ట్ర కమిషన్‌కు 45 రోజుల్లో అప్పీలు చేయవచ్చు, అయితే వారు సొమ్ములో సగం ముందుగా జమ చేయాలి. ఆదేశాన్ని పాటించకపోతే నెల నుంచి మూడేళ్ల వరకు జైలు, లేదా 25 వేల రూపాయలకు తగ్గని జరిమానా విధించే అధికారం కమిషన్‌కు ఉంది. ఈ భయం వల్ల చిన్న డీలర్లు సాధారణంగా చెల్లిస్తారు.

రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్

బ్యాంకు, మైక్రో ఫైనాన్స్ కంపెనీ, బంగారం మీద అప్పు ఇచ్చే కంపెనీ, వీటి మీద ఫిర్యాదుకు ఇది పైసా ఖర్చు లేని దారి. క్రమం మాత్రం తప్పకూడదు. ముందు ఆ సంస్థకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోవాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా అంబుడ్స్‌మన్‌కు రాయాలి. 14448 నంబరులో వివరాలు అడగవచ్చు. వకీలు ద్వారా దాఖలు చేయడానికి వీలు లేదు, స్వయంగా రాయాలి. అప్పటికే కోర్టులోనో, కమిషన్‌లోనో అదే విషయం నడుస్తుంటే స్వీకరించరు. అందుకే బ్యాంకు విషయంలో ముందు అంబుడ్స్‌మన్, ఆ తర్వాతే అవసరమైతే వినియోగదారుల కమిషన్ అన్న వరుస మంచిది. అయితే కమిషన్‌కు ఉన్న రెండేళ్ల గడువు ఈ లోగా దాటిపోకుండా చూసుకోవాలి.

ఏ ప్రశ్నలు ఇక్కడ అడగవచ్చు? అప్పు పూర్తిగా తీరినా పొలం కాగితాలు ఇవ్వకపోతే అడగవచ్చు. 30 రోజుల్లో తిరిగి ఇవ్వాలని, ఆలస్యానికి రోజుకు 5,000 రూపాయల చొప్పున చెల్లించాలని రిజర్వు బ్యాంకు 2023లో ఆదేశించింది. బంగారాన్ని సరైన నోటీసు లేకుండా వేలం వేస్తే అడగవచ్చు. మైక్రో ఫైనాన్స్ సిబ్బంది ఉదయం 9 గంటలకు ముందు గాని, సాయంత్రం 6 తర్వాత గాని వసూలుకు ఫోను చేసినా, అవమానించినా అడగవచ్చు. 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం కిస్తీ కట్టడానికి ఒక నిర్ణీత స్థలం ఉండాలి, వరుసగా రెండుసార్లు అక్కడికి రాకపోతేనే సిబ్బంది ఇంటికి రావాలి. ఇంటి మొత్తం నెల ఆదాయంలో సగానికి మించి కిస్తీలు ఉండకూడదు. ఒకే ఇంట్లో నాలుగైదు కంపెనీల కిస్తీలు నడుస్తున్న గ్రూపు మహిళలు ఆ చివరి నిబంధనను ఫిర్యాదులో ముందుగా రాయాలి.

2010లో ఉమ్మడి రాష్ట్రం తెచ్చిన మైక్రో ఫైనాన్స్ చట్టం వల్ల ఈ కంపెనీల అప్పులే చెల్లవని ఇప్పటికీ కొందరు చెబుతుంటారు. రిజర్వు బ్యాంకు వద్ద నమోదైన ఫైనాన్స్ కంపెనీలకు ఆ చట్టం వర్తించదని తెలంగాణ హైకోర్టు 2023లో చెప్పింది. పాత మాట నమ్మి కిస్తీ ఆపేస్తే నష్టపోయేది గ్రూపులోని సభ్యులే.

ప్రాథమిక సహకార సొసైటీ అప్పు మాత్రం ఈ వేదిక పరిధిలోకి రాదు, దానికి జిల్లా సహకార అధికారిని కలవాలి. చిట్టీ తగవు చిట్‌ల రిజిస్ట్రారు వద్దకు వెళుతుంది. ఊరి షావుకారు కూడా దీని కిందికి రాడు. తెలంగాణ ప్రాంతంలో వడ్డీ వ్యాపారానికి లైసెన్సు ఉండాలన్న 1349 ఫసలీ (నిజాం కాలపు సంవత్సర లెక్క) నాటి చట్టం ఇంకా ఉంది. దావా వచ్చినప్పుడు ఆ లైసెన్సు చూపమని మీ వకీలు చేత అడిగించాలి. నూటికి నెలకు ఐదు రూపాయల మిత్తి అంటే ఏడాదికి 60 శాతం అని జవాబులో అంకె వేసి రాయించాలి.

సొంత వకీలు

చెక్కు కేసు, నోటు మీద దావా, ఇంటి మీద సర్ఫేసీ నోటీసు, ఈ మూడింటికి ఆలస్యం చేయకుండా వకీలు ఉండాలి. ఉచిత సహాయానికి అర్హత లేకపోతే సొంతంగా పెట్టుకోవాలి. పెట్టుకునేటప్పుడు మొత్తం ఫీజు ఎంత, ఏ దశలో ఎంత అన్నది రాయించుకోవాలి. వచ్చిన సొమ్ములో వాటా ఇమ్మనడం వకీళ్ల వృత్తి నియమాలకు విరుద్ధం; అలా అడిగేవారి దగ్గరికి వెళ్లకపోవడం మంచిది. కేసుకు కేటాయించిన సీఎన్ఆర్ నంబరు అడిగి తీసుకుంటే, ఈ-కోర్ట్స్ యాప్‌లో వాయిదా తేదీలు మీరే చూసుకోవచ్చు. వకీలు సేవలో లోపం జరిగిందని వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2024 మేలో చెప్పింది. కాబట్టి ఎంచుకునేటప్పుడే జాగ్రత్త పడాలి, దుష్ప్రవర్తన ఉంటే బార్ కౌన్సిల్‌కు రాయాలి.

ఐపీ

1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కింద వేసే దివాలా పిటిషన్‌నే ఐపీ అంటారు. దీన్ని మోసగాళ్ల పనిగా చూడటం వల్ల నిజంగా దారి లేని మనిషి కూడా దాని పేరెత్తడానికి సిగ్గుపడతాడు. అది తప్పు. తీర్చలేని మనిషికి చట్టం ఇచ్చిన విడుదల ఇది. అయితే ఉన్న ఆస్తి కోర్టు నియమించిన అధికారి చేతిలోకి వెళుతుంది. కుదువ పెట్టించుకున్న బ్యాంకు హక్కు అలాగే ఉంటుంది. అంతకుముందు రెండేళ్లలో బంధువుల పేర రాసిన ఆస్తులను కోర్టు రద్దు చేయవచ్చు, మూడు నెలల లోపల ఒక్క అప్పువాడికే ఎక్కువ కట్టి ఉంటే దాన్నీ ప్రశ్నించవచ్చు. భూమిని కొడుకు పేర మార్చి తర్వాత ఐపీ పెట్టమని చెప్పే సలహాదారును దగ్గరికి రానివ్వకూడదు. లోక్ అదాలత్‌లో అన్ని అప్పులకూ రాజీ ప్రయత్నం విఫలమైన తర్వాతే దీన్ని ఆలోచించాలి.

పోలీసు స్టేషను, పంచాయితీ

అప్పు వసూలు పోలీసుల పని కాదు, అప్పు తీర్చలేకపోవడం నేరమూ కాదు. బెదిరింపు, ఇంట్లోకి చొరబడటం, ఫొటోలు మార్చి బంధువులకు పంపే లోన్ యాప్‌ల వేధింపు మాత్రం నేరాలే. యాప్ వేధింపులకు వెంటనే 1930 నంబరుకు ఫోను చేసి, సందేశాలు చెరపకుండా దాచాలి. పంచాయితీలో అంగీకరించిన సొమ్ము గురించి రాసిన కాగితం ముందు వకీలుకు చూపించి, ఆ తర్వాతే సంతకం చేయాలి. అప్పుల ఒత్తిడితో ఇంట్లో ఎవరైనా బతుకు మీద ఆశ వదులుకున్నట్లు మాట్లాడితే, కేసు కాగితాలు పక్కన పెట్టి 14416 టెలి మానస్ నంబరుకు ఫోను చేయండి. అది ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఏ బాకీకీ మనిషి ప్రాణమంత విలువ లేదు.

మరో ఇద్దరి సంగతి

గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీరే వరకు పని వదిలి రాకూడదని నిర్బంధించే చోట ఉన్న పాలమూరు కూలీలకు పై కొలతలు చాలవు. 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం ప్రకారం అలాంటి అప్పు తీర్చవలసిన బాధ్యతే రద్దయింది. ఆ సొమ్ము కోసం ఎవరూ దావా వేయలేరు. ఇక్కడ వెళ్లవలసింది కలెక్టరు లేదా ఆర్డీవో దగ్గరికి, సాయానికి న్యాయ సేవాధికార సంస్థ దగ్గరికి. ఊళ్లో ఉన్న కుటుంబ సభ్యులు కూడా ఆ దరఖాస్తు ఇవ్వవచ్చు.

జమానతు ఉన్నవారిది మరో స్థితి. స్నేహితుడి అప్పుకు సంతకం చేసిన ఉపాధ్యాయుడు, ఆర్టీసీ ఉద్యోగి చాలామందే ఉన్నారు. చట్టం దృష్టిలో జమానతుదారు బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం, ముందు వాడిని అడిగాకే నన్ను అడగాలన్న వాదన నిలవదు. జీతం జప్తు అయినా మొదటి 1,000 రూపాయలు, మిగతా దానిలో మూడింట రెండు వంతులు ముట్టుకోవడానికి వీలు లేదు. లోక్ అదాలత్‌లో బ్యాంకు, అప్పు తీసుకున్న వ్యక్తి, జమానతుదారు ముగ్గురూ కూర్చునేలా చూడటం ఇతనికి అన్నిటికన్నా మేలైన దారి. అక్కడ తాను కట్టే ప్రతి రూపాయికీ రసీదు తన పేరు మీదే తీసుకోవాలి. ఆ రసీదు ఉంటేనే రేపు ఆ సొమ్ము అసలు అప్పుదారు నుంచి రాబట్టుకోవడానికి దావా నిలబడుతుంది.